కాళ్ళ దగ్గర పడే వెలుగు: పలాస జీడి గోదాములో ఒక పగలు

ఆ ఉదయం కూడా అన్ని ఉదయాల్లాంటిదే. నాలుగున్నరకి లేచాను. వాకిలి చిమ్మి నీళ్ళు చల్లాను. స్నానం చేసి, దేవుడి దగ్గర రెండు వత్తులు వేసి దీపం వెలిగించాను. పాలవాడు వచ్చి వెళ్ళాడు. డికాషను దిగేలోగా ఒక కట్ట మునగాకు దూసి పెట్టాను. అప్పుడు ఫోను మోగింది. విజయనగరంలో మా ఇంట్లో అంత పొద్దున ఫోను మోగితే అది పలాస నుంచే.

“అప్పా, ఓపాలి రాగలవా?” అంది మా ఆఖరి చెల్లెలు పైడి. మా వైపు అక్కను అప్ప అంటారు. పైడి నాకంటే పదహారేళ్ళు చిన్నది, పోలీసు శాఖలో ఎస్సై. నాలుగు రోజుల్లో జిల్లా పిస్తోలు జట్టుకు ఎంపిక ఉంది. అందులో ఒక అంచె చీకటి షెడ్డులో. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో పిస్తోలు. నిరుడు ఆ అంచెలోనే తప్పింది. ఈసారీ తప్పితే ఇక పేరు పంపబోమని పై అధికారి చెప్పారట.

“గురి బాగానే ఉంది. టైమే సాలట్లేదు. ఎందుకో తెలీట్లేదు.”

“పిస్తోళ్ళ సంగతి నాకేం తెలుసే?”

“తెలీదు కాబట్టే రమ్మంతన్నాను. తెలిసినోలందరూ సూసేసేరు.”

ఏడు దాటాక విజయనగరంలో పలాస పాసింజరు ఎక్కాను. నలభై రూపాయల లోపు టికెట్టు. సముద్రం వైపు కిటికీ దొరికితే వదలకండి. నౌపడా దగ్గర ఉప్పు మడులు ఎండలో తెల్లగా మెరుస్తాయి. టెక్కలి, సంతబొమ్మాళి వెళ్ళేవాళ్ళు అక్కడే దిగిపోయారు. తిరుగు ప్రయాణంలో నేనూ టెక్కలి వెళ్ళి, ఆ పక్కనే రావివలసలో కప్పులేని గుడిలో ఉండే ఎండల మల్లన్నను చూడాలనుకున్నాను. పదిన్నరకి పలాస. స్టేషను బయట అడుగు పెట్టగానే కాశీబుగ్గ వైపు నుంచి జీడిపిక్కలు కాల్చే ఘాటు వాసన వచ్చింది. అక్కడి నుంచి జీడి, కొబ్బరి తోటల ఉద్దానం పల్లెలకు షేర్ ఆటోలుంటాయి. మనిషికి పది రూపాయలు, నిండేదాకా కదలవు.

ఊరికి వచ్చేటప్పుడు ఎప్పుడూ తెచ్చుకునే పొడవాటి టార్చి నా చేతిసంచిలో ఉండడం ఆటో డ్రైవరు చూశాడు. “మంచి పని సేసేరమ్మా. మొన్న మా తోటలోకి ఎలుగుబంటొచ్చింది.”

“వస్తే ఏం చేస్తారు?”

“లైటు సేయి బారుగా పక్కకి సాసి పట్టుకోవాల. అది లైటు మీదికే వత్తాది గాని మన మీదికి రాదు.” స్టీరింగు వదిలి చెయ్యి చాచి చూపించాడు. వెనక సీటులోంచి ఎవరో, “ఒరే, ఎలుగు కంటే ముందు నువ్వే సంపేసేలా ఉన్నావు మమ్మల్ని” అన్నారు. ఆటో అంతా నవ్వింది.

మా తమ్ముడు సూరికి ఊరి చివర చిన్న జీడి గోదాము ఉంది. కొత్త పిక్కల బస్తాలు రావలసిన రోజులు. అయినా చెల్లెలి కోసం ఖాళీ చేసి, కిటికీలకు గోనెసంచులు కొట్టాడు. పట్టపగలు లోపల కన్ను పొడుచుకున్నా కనిపించదు. ఉక్క మాత్రం చెప్పలేను. అడ్డంగా తడికలు నిలబెట్టి, వాటి వెనక ఆరు అట్టమనుషుల్ని పెట్టాడు. కొందరి చేతిలో తుపాకీ బొమ్మ, కొందరి చేతిలో గొడుగు. గొడుగు మనిషిని కాలిస్తే మార్కులు పోతాయి. తుపాకీ వాళ్ళందరికీ మీసాలు గీశాడు.

“ఆడ దొంగలుండరేటి అన్నియ్యా?” అంది పైడి.

“ఉంటే నీ టేసన్లోనే ఉంటారు. ముందు నువ్వు కానీ.”

అసలు పిస్తోలు ఇంటికి తేకూడదు. కాశీబుగ్గ వడ్రంగి చేత అదే బరువుతో కర్ర పిస్తోలు చేయించుకుంది. దాని మీద జాతరలో అమ్మే ఎర్రచుక్క లైటు కట్టింది. ఆ చుక్క ఎక్కడ పడితే గుండు అక్కడ తగిలినట్టు. ఎడమ చేతిలో చిన్న టార్చి, వెనకవైపు బొటనవేలితో నొక్కే మీట. రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి పట్టుకుంటే వెలుగూ గురీ కలిసి వెళ్తాయి. ఇంకో పద్ధతిలో టార్చి చేతిని ఒంటికి దూరంగా చాచాలి. శిక్షణలో నేర్పారట. ఆటో డ్రైవరు చూపించింది అదే. ఆ మాట చెబితే సూరి, “దీనికి ట్రైనింగు కూడానా? మన తోటల్లో ముసలోలందరూ పాసైపోయినోలే” అన్నాడు.

“వెలిగించాక మళ్ళీ ఎందుకు తీసెయ్యడం?” అని అడిగాను.

“వెలుగుతూనే ఉంటే నానెక్కడున్నానో అవతలోడికి తెలిసిపోద్ది అప్పా. వెలిగించాల, సూడాల, కాల్చాల, ఆర్పాల, జరగాల.”

దీపం ఆర్పమని నా నోటితో నేను అనను. కొండెక్కించమంటాను. టార్చికీ అదే అన్నాను. పైడి నవ్వింది, కానీ వెంటనే ముఖం బిగించుకుంది.

సూరి గడియారం పట్టుకున్నాడు. నేను గోడ వార గోనె మీద కూర్చున్నాను. మొదటిసారి ఆలస్యం. రెండోసారీ అంతే. బ్యాటరీలు పాతవని సూరి, భుజం నొప్పని పైడి. నాకు పిస్తోలు తెలియదు కాబట్టి వెలుగునే చూస్తూ కూర్చున్నాను. మూడోసారి కనిపించింది. ఒక తడిక దాటి ఇంకో తడికకు వెళ్ళే ప్రతిసారీ, ముందు ఆ గుండ్రటి వెలుగు ఆమె కాళ్ళ దగ్గర పడుతోంది. తరువాతే పైకి లేస్తోంది.

“కిందకెందుకు వేస్తున్నావే?”

“ఎక్కడ? నాను ఎయ్యట్లేదు.”

నాలుగోసారి సూరి కూడా చూశాడు. “ఓలమ్మ, పతీసారీ ఏత్తంది” అన్నాడు.

అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. దానికి ఐదేళ్ళప్పుడు మునిమాపు వేళ జీడితోటలోకి నాన్నకు క్యారియరు పట్టుకెళ్ళేవాళ్ళం. ముందు కాళ్ళ దగ్గర వెయ్యి, తరువాత తోవ మీద, అని చేతి మీద చిన్న దెబ్బ వేసి నేర్పాను. పురుగూ పుట్రా తిరిగే చోటు మరి. ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ చెయ్యి నా మాటే వింటోంది.

చీపురు తీసుకుని గోదాము నేలంతా ఊడ్చాను. “చూడు, ఏమీ లేదు” అన్నాను. అయినా ఐదోసారీ వెలుగు కాళ్ళ దగ్గరికే దిగింది. తెలిసి కూడా ఆపలేక పైడి టార్చిని బస్తా మీద పడేసి కూర్చుండిపోయింది. “ఇంక వొద్దులే అప్పా” అంది.

కాసేపు దైవాన్ని తలుచుకున్నాను. తరువాత నా సంచిలోని టార్చి తీసి, పైడిని లేపి ఆమె వెనక నిలబడ్డాను. ఆమె ఎటు అడుగు వేస్తే అటు కాళ్ళ ముందు నేను వెలుగు వేశాను. ఆమె టార్చి కిందికి దిగలేదు. ఆరు తడికలు దాటింది. గొడుగు మనుషులు క్షేమం. సూరి గడియారం చూసి, “సరిపోయింది” అని మెల్లగా అన్నాడు.

మనం ప్రేమతో నేర్పినది కూడా ఒక్కోసారి అడ్డు పడుతుందని నేను అంతకుముందు ఆలోచించలేదు. నేర్పినది తప్పు కాదు, చోటు మారింది. ఉద్దానం వెళ్ళే మీకు మాత్రం నా పాత మాటే చెబుతాను. పొద్దు వాలాక తోటల్లో నడవాల్సి వస్తే టార్చి తప్పకుండా పట్టుకెళ్ళండి. ముందు కాళ్ళ దగ్గర వెయ్యండి.

ఆ సాయంత్రం దీపం పెట్టాక ముగ్గురం సూరి ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. పిక్కల బస్తాలు నాలుగు రోజులూ వరండాలో వేసుకోవాలని, రాత్రికి సూరి వాటి పక్కనే పడుకోవాలని తేలింది. ఎంపిక అయ్యేదాకా ఇంట్లో గానీ తోటలో గానీ పైడి చేతికి తోవ టార్చి ఇవ్వకూడదు. ఆమె కాళ్ళ ముందు వెలుగు మాలో ఎవరో ఒకరం పట్టాలి. నేను ఉండిపోవాలి, మల్లన్న దర్శనం ఆ తరువాతే. రోజుకు కొంత చొప్పున నా వెలుగు తగ్గించి, ఎంపికకు ముందు రోజు గోదాములో ఆమె నడుస్తుండగానే పూర్తిగా తీసెయ్యాలి. ఆ పని సూరి చేస్తానన్నాడు. పైడి ఒప్పుకోలేదు, అప్పే చెయ్యాలంది. సరే, నేనే ఆర్పుతానన్నాను.