సమ్మెటకు కొత్త కామ

మా కొలిమిలో సమ్మెట నాది. మా ఆయన ఎడమచేత్తో పట్టకారు పట్టి ఎర్రటి ఇనుమును దాగలి మీద ఆనించి, కుడిచేతిలోని చిన్న సుత్తితో ఒకచోట తడతారు. ఎదురుగా నిలబడి నేను సరిగ్గా అక్కడే కొట్టాలి. మాటలుండవు. ఆయన సుత్తి ఉత్త దాగలి మీద టంగుమంటే ఆపమని.

నాకు ముందు మా అత్తగారు కొట్టేవారు. ఒకసారి ఆవిడ దెబ్బ జారి మా ఆయన ఎడమ చూపుడు వేలు మొదటి కణుపు పోయింది. ఆవిడ మళ్ళీ సమ్మెట ముట్టలేదు. నేను కాపురానికి వచ్చిన వారానికే అది నా చేతికొచ్చింది. అప్పటి నుంచి ఎన్నో వేల దెబ్బలు కొట్టాను. ఒక్కటీ ఆయన చేతి వైపు పోలేదు.

పోయిన చలికాలంలో ఆ సమ్మెట కామ, చేత్తో పట్టుకునే కర్ర, తల దగ్గర పుటుక్కున విరిగింది. ఆయన అటక మీద ఆరబెట్టిన తుమ్మకర్ర దించి, రెండు రోజులు చెక్కి, గాజుపెంకుతో నున్నగా గీకారు. కొలిమి పాక రాటకు ఒక గంటు ఉంది. పెళ్ళైన కొత్తలో నా చేతికి సరిపడే కామ పొడుగు కొలిచి పెట్టిన గంటు. దానికి సరిపెట్టి కోసి, తలలోకి దిగ్గొట్టి, పైన ఇనుప చీల వేశారు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అయినా చేతిలో తిప్పుతుంటే నాకు ఏదో కుదరలేదు. ఒకసారి గోడకు ఆనించాను, మళ్ళీ తీశాను. పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చి మళ్ళీ తిప్పి చూశాను.

మర్నాడు పొద్దున్నే రాజోలు వైపు నుంచి కొబ్బరికాయలు ఒలిచే అతను బండి మీద వచ్చాడు. అతని గునపం మొన అరిగిపోయింది. కాల్చి సాగదీయాలి.

మొదటి దెబ్బకే సమ్మెట తల అనుకున్న చోటు దాటి పడింది. పట్టకారు ఎగిరి కింద పడింది. ఆయన చెయ్యి దులుపుకున్నారు.

"తగిలిందా?"

"లేదు. కానియ్యి."

ఒలుపు అతను నవ్వాడు. "పొద్దున్నే ఏవన్నా గొడవైందాండీ పిన్నిగారూ? మా బాబాయిగారి మీద కోపం నా గునపం మీద చూపిత్తన్నారు."

నాకు నవ్వు రాలేదు. రెండో దెబ్బ భయపడి దగ్గరగా వేశాను, దాగలి అంచుకు తగిలి కామ అదిరింది. మూడోది మళ్ళీ దాటింది. ఆ రోజుల్లో సాయంత్రాలు అంగన్‌వాడీలో పెద్దవాళ్ళకు చెప్పే చదువుకు వెళ్తుండేదాన్ని. గీతల మధ్య రాయమంటే నా అక్షరాలన్నీ గీత దాటేవి. కళ్ళకు కనబడుతూనే ఉండేది, చెయ్యి వినేది కాదు. ఇదీ అలాగే ఉంది. కాకపోతే ఇక్కడ గీతకు అవతల ఉన్నది ఆయన చెయ్యి.

నాలుగోసారి ఎత్తినప్పుడు చూశాను. ఆయన కళ్ళు ఇనుము మీద లేవు, నా సమ్మెట మీద ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆయన అలా చూడడం నేనెరగను. ఎత్తింది ఎత్తినట్టే పక్కకు దించేశాను.

"ఏం, నొప్పెట్టిందా భుజం?" అన్నారు.

నేను పెరట్లోకి వెళ్ళాను. పాత కామ ముక్కలు ఇంకా కట్టెల్లోనే ఉన్నాయి. తెచ్చి, రెండూ అతికినట్టు నేల మీద పరిచి, పక్కన సమ్మెట పడుకోబెట్టాను. కొత్తది నాలుగు వేళ్ళు పొడుగు.

"గంటు కొలతే కదే. నీ చెయ్యి కొలత నాకు తెలీదా?" అన్నారు ఆయన.

"గంటు అప్పటిదండీ. పాతది వదులైనప్పుడల్లా నలిగిన కొస కోసేసి మళ్ళీ దిగ్గొట్టేవారు కదా. ఇన్నేళ్ళలో అదెంత తగ్గిందో మీరూ చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. దాంతోపాటే నా చెయ్యీ దగ్గరకొచ్చేసింది."

ఆయన కొత్త కామను చేత్తో నిమిరారు. "ఇంత మంచి తుమ్మ. కోసేక మళ్ళీ అతుకుద్దా? నాలుగు రోజులు పోతే చెయ్యే అలవాటవుద్ది."

"ఆ నాలుగు రోజులూ మీ చెయ్యి ఎక్కడ దాచుకుంటారు?"

ఒలుపు అతను బీడీ ఆర్పేశాడు. "కోయించెయ్యండి బాబాయిగారూ. నాకు తొందరేం లేదండి, ఆయ్."

రంపం నేనే తెచ్చాను. పట్టుకునే కొసన నాలుగు వేళ్ళు ఆనించి, బొగ్గుతో గీత గీసి, కోశాను. ఆయన ఆపలేదు. తెగిన ముక్క పుల్లల్లో పడేశాను.

గునపం మళ్ళీ కాలింది. ఆయన చిన్న సుత్తితో తట్టారు. నేను కొట్టాను. తట్టిన చోటే పడింది. రెండోదీ అక్కడే. మొన తీరేదాకా ఆయన ఇనుము మీద నుంచి తల ఎత్తలేదు.

రాట మీద పాత గంటు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. కిందకు ఇంకోటి పెట్టమంటే "ఆయ్, పెడతాను" అంటారు, పెట్టరు. ఈ కామ కూడా ఎప్పుడో విరుగుతుంది. అప్పుడు ఆయన చూసేది ఆ గంటునే. అటు వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు దాని మీదే పడుతుంటే ఆగలేక, దాని కింద బొగ్గుతో రాశాను: నాలుగు వేళ్ళు తక్కువ.

జల్లు కొట్టి చెరిగినప్పుడల్లా మళ్ళీ రాస్తున్నాను.