జిరాక్స్ దున్న కోసం అల్లూరు దాకా

మా ఊరి పాలకేంద్రం దగ్గర మొదలైన వాదన నన్ను అల్లూరు దాకా తీసుకెళ్లింది. మేలుజాతి దున్నపోతు చెవి నుంచి కాస్త కండ తీసి, దానితో అచ్చం అలాంటి దున్ననే పుట్టించారని, ఆ క్లోనింగ్ దున్న వీర్యంతో గేదెలకు సూదులు వేస్తున్నారని నేను చెబితే అందరూ నవ్వారు. నకలుగా పుట్టినదానికి సంతానం ఎక్కడిదన్నారు. నాకున్న నాలుగు గేదెల్లో ఒకటి రెండుసార్లు సూది వేయించినా చూడి కట్టలేదు. ఆ సూది మా దానికీ వేయిద్దామా అన్న ఆలోచన అప్పటికే ఉంది. చీరాల దాటి పెద్దగా తిరిగిన మనిషిని కాదు, అయినా ఆ సూది వేయించినవాళ్లు అల్లూరులో ఉన్నారని మా పశువుల డాక్టరు చెబితే, కళ్లతో చూసొస్తే పోలా అని బయల్దేరాను.

ముందురోజు సాయంత్రం రైల్లో నెల్లూరు చేరి, బస్టాండు పక్కన ఎనిమిది వందలకు గది తీసుకున్నాను. దోమలకు విడిగా డబ్బులేమీ అడగలేదు వాళ్లు. పొద్దున ఐదున్నరకు బస్సెక్కితే అల్లూరుకు గంటకు పైనే పట్టింది. దారంతా వరి మళ్లు, ఊరు దగ్గరపడే కొద్దీ రొయ్యల గుంటలు. బస్టాండు దగ్గర ముప్పై రూపాయలకు కారం దోసె పెట్టినామె, ఎవరింటికని అడిగి, "పెంచలయ్యోళ్లింటికా? జిరాక్స్ దున్న సూది ఏపించినోళ్లు వాళ్లే. ఈపొద్దు తేలిపోద్దంట," అంది. ఆ చుట్టుపక్కల క్లోనింగ్ అనే మాట ఎవరి నోటా వినలేదు. నూట యాభై అడిగిన ఆటోను నూట ఇరవైకి ఒప్పించానని మురిసిపోయాను గానీ, దూరం చూస్తే వందే ఎక్కువ.

పెంచలయ్య గారికి రెండెకరాల వరి, ఒకే గేదె. మా పశువుల డాక్టరు ముందే ఫోన్ చేసి ఉంచడంతో కాఫీ ఇచ్చి పాకలోకి రమ్మన్నారు. గేదె ఒళ్లంతా ఎండిన పేడ. ఇంత బద్ధకస్తులా అనుకున్నాను. నా మొహంలో తెలిసిపోయినట్టుంది, ఆయన భార్య రమణమ్మ నవ్వింది.

"మీరేం అనుకుంటున్నారో తెలుసులే అక్కా. మా ఆయన కోడి కూసేలోపే దీన్ని కాలవకి తోలకపోయి తళతళలాడేట్టు కడిగేవోడు. ఎదకొస్తే కారే జిగట తీగ గూడా ఆ నీళ్లలోనే పోయేది. ఇదేమో అరవదు. మేత మానేస్తే అప్పుడు కనుక్కోని సూది ఏపించేవాళ్లం. అప్పటికే ఏళ దాటిపోయేది. రెండుసార్లు అట్టనే పోయింది. ఊరంతా జిరాక్స్ దున్నదే తప్పన్నారు."

కడిగేముందు ఒకసారి చూడమని చెప్పింది సూదులు వేసే గోపాలమిత్ర మస్తాన్. మూడోసారి తీగ కనిపించింది, వేళకు సూది పడింది. అప్పటి నుంచి పొద్దెక్కి, ఒకసారి చూశాకే కడుగుతున్నారట. నేను వెళ్లింది చూడి పరీక్ష రోజున. ఈసారీ ఖాళీ అయితే శనివారం బేరగాడు వచ్చి తోలుకుపోతాడని పెంచలయ్య గారు నాతో మెల్లగా అన్నారు. రమణమ్మ విననట్టే గేదె మెడ కింద గోకుతూ నిలబడింది. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచిన గేదె అది.

ఎనిమిదింటికి మస్తాన్ వచ్చి భుజం దాకా గ్లవ్ తొడుక్కున్నాడు.

"పుట్టే దూడ గూడా జిరాక్సేనా మస్తానూ?" అంది రమణమ్మ, ఊరికే నిలబడలేక ఏదో ఒకటి అడిగినట్టు.

"దున్న ఒకటే జిరాక్సక్కా. దూడలో సగం నీ గేదే," అన్నాడు. తర్వాత చెయ్యి లోపల పెట్టి, కళ్లు మూసుకుని తడిమి చూడసాగాడు. నా గేదె కాదు, నా ఊరు కాదు, అయినా నేనూ పాక గుంజ పట్టుకుని ముందుకు వంగి చూస్తున్నాను.

"సూది ఏసి ఎన్నాళ్లయిందన్నా?"

"రెండు నెలల మీద పది రోజులు," అన్నారు పెంచలయ్య గారు.

"సరిపోయింది. చూడి కట్టింది."

పెంచలయ్య గారు జేబులోంచి ఫోన్ తీశారు. "శనివారం రాబాకన్నా," అని చెప్పి పెట్టేశారు. రమణమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చూడి కట్టడం వేరు, ఈనడం వేరు, ఇంకా ఏడెనిమిది నెలలు జాగ్రత్తగా ఉండాలని మస్తాన్ చెబుతున్నాడు గానీ వినే స్థితిలో ఎవరూ లేరు. నన్ను మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టి గానీ పంపలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు, నిండిన కడుపు, తేలికైన మనసు. నకలు దున్న సూదికి చూడి కట్టిన గేదెను చూశానని మావాళ్లకు ధైర్యంగా చెప్పగలను. అయితే దారిలో ఒక సంగతి తట్టి ఆ సంతోషం కాస్త తగ్గింది. పోయిన వేసవిలో గొడ్డుమోతని ఒక గేదెను అమ్మేశాను. దాన్నీ రోజూ తెల్లారకముందే కడిగేదాన్ని, నా గేదెలంత శుభ్రంగా ఎవరివీ ఉండవని గొప్పలు కూడా పోయేదాన్ని. దున్న సంగతి తేల్చుకుందామని వెళ్లి, నా గేదెను నేనే సరిగా చూసుకోలేదని తెలుసుకుని వచ్చాను.

మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఒక్కటి చేయండి. పొద్దున్నే పాకలోకి బకెట్టు కంటే ముందు టార్చిలైటు తీసుకెళ్లండి. గేదె పడుకుని లేచిన చోట తీగ ఉందేమో చూశాకే నీళ్లు పోయండి.