అహల్య పంతులమ్మ దప్పిక

అది 1938 ప్రాంతం. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక కిరాయి ఇంట్లో తెలుగు బాలికల బడి నడిచేది. అందులో పాఠాలు చెప్పే అహల్య పంతులమ్మ పొద్దున అడుగుపెడితే సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్లు ముట్టేది కాదు. ఆ ఇంటికి ఉన్న ఒక్క పాయఖానా తలుపు సరిగ్గా సెక్రెటరీ వామన్‌రావు కుర్చీకి ఎదురుగా ఉంది. ఆయన చుట్టూ ఎప్పుడూ మగ పంతుళ్లు, చందాలిచ్చే పెద్దమనుషులు. వాళ్ల కళ్లముందు నుంచి చెంబు పట్టుకుని పోవడమంటే ఆమెకు చచ్చినంత పని. స్త్రీ విద్య గురించి సుల్తాన్ బజార్‌లో గంటల తరబడి ఉపన్యసించే ఆ పెద్దమనుషులకు, చదువు చెప్పే ఆడమనిషికి ఒళ్లు కూడా ఉంటుందని ఏనాడూ తోచలేదు.

నడుము నొప్పి మొదలైంది. తర్వాత మూత్రంలో మంట. చలిజ్వరంతో వణుకుతూనే ఎక్కాలు చెప్పింది. చివరికి దవాఖానకు పోతే, మెదక్ నుంచి వచ్చిన డాక్టరమ్మ మాబెల్ కడుపు నొక్కి చూసింది.

"నీళ్లు తాగుతున్నవా అమ్మా?"

"ఔ, మస్తుగ తాగుత."

"అబద్ధమాడితే నాకేం పోదు. పాడయ్యేది నీ ఒళ్లే."

అహల్య తల వంచుకుంది. సెక్రెటరీకి చెప్పుకుందామని ఎన్నిసార్లో ఆఫీసు గడప దాకా పోయింది. ఆయన "ఏందమ్మా?" అనగానే చాక్‌పీసులు అడిగి తిరిగొచ్చేది.

ఆరోగ్యం పాఠం రోజు, రోజూ బాగా నీళ్లు తాగాలని పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. శశికళ అనే పిల్ల లేచింది.

"మేం బడిల తాగం పంతులమ్మా. తాగితే బయటికి పోవాల్సొస్తది గద. నిన్న జయమ్మ తాగిందని అందరం ఎక్కిరించినం. మీ లెక్క ఉండాలె అన్నం."

జయమ్మ పలక వెనక మొహం దాచుకుంది.

అహల్యకు తన మాటలే గుర్తొచ్చాయి. బయటికి పోతానని అడగని పిల్లలను బుద్ధిమంతులని మెచ్చుకున్నది తనే. తాను ఓర్పు అనుకున్నది ఈ పసివాళ్లకు రోగంలా అంటుకుంది. డాక్టరమ్మ ముందు పడ్డ సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిది?

నేరుగా ఆఫీసుకు పోయింది.

"ఏందమ్మా, చాక్‌పీసులా?" అన్నాడు వామన్‌రావు.

"కాదు. పాయఖానకు పోవాలె."

పంతుళ్లు పత్రికల్లో తలలు దూర్చారు. వామన్‌రావు గొంతు తగ్గించాడు.

"గిది నలుగురి ముందర మాట్లాడే ముచ్చటనా, అహల్యమ్మా? రేపు తడిక కట్టిపిస్త, పో."

"ఇన్నేండ్లు గిట్లనే నోరు మూసుకున్న. నా ఒళ్లు పాడైంది. నన్ను జూసి పిల్లలు గూడ దూప ఆపుకుంటున్నరు. తడిక రేపు కట్టిపియ్యుండ్రి. ఇప్పుడైతే మీరందరు జర బయట నిలబడుండ్రి."

ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ఒక్కొక్కరే లేచి, చెప్పులు వెతుక్కుని సందులోకి నడిచారు. అందరికంటే చివర వామన్‌రావు, కండువాతో మెడ తుడుచుకుంటూ.

అహల్య మొహం, చెవులు కాలిపోతున్నాయి. సిగ్గు ఎటూ పోలేదు. ఆ సిగ్గుతోనే క్లాసు గుమ్మంలోకి వచ్చి, "జయమ్మా, ముందు నువ్వు రా బిడ్డా" అని పిలిచింది.