ఏడు దగ్గర ఆగిన కుంచం

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు మా మేనకోడలు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. అప్పుడే పిడకల పొయ్యి సన్నసెగ మీద అరలీటరు పాలు పెట్టాను.

"అత్తా, కొంప మునిగింది. రైతుల వినతులు పాడైపోతన్నాయి."

రైతు సంఘానికి విత్తనాల వినతులు పంపే ఏర్పాటు చేయడం మేనకోడలు ఒప్పుకున్న మొదటి పని. రైతు ఫోనులో పెట్టిన వినతి, సరుకు ఉందని గోదాము చెప్పేదాకా మధ్యలో ఆగాలి, ముద్ర వేయించుకుని కదలాలి. నలభై ఒకటి ఆగాయి. మూడింటిని కదిలించి చూస్తే, మూడూ ముద్ర లేకుండా వెళ్లి తిరస్కారమయ్యాయి. మిగిలిన ముప్పై ఎనిమిదిని ముట్టుకోవడానికి భయపడింది. శుక్రవారం సాయంత్రం జాబితా మూసేస్తారు. ఆపైన ఈ నాట్లకు వాళ్లకు విత్తనాలు లేవు.

వినతులను మోసే ఇంజిను, అంటే ప్రోగ్రాము, తను రాసింది కాదు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి, ఎవరైనా చదివి బాగుచేసుకోవచ్చని ఉచితంగా వదిలింది. నేను ఎచ్చెర్ల దగ్గర ఇరవై తొమ్మిదేళ్ల నాలుగు నెలలు కంప్యూటర్లు చెప్పినదాన్ని. చదవడం మొదలుపెట్టాను.

అందులో ప్రతి వినతి వరుసగా కూర్చున్న గుమాస్తాల చేతులు మారినట్టు వెళుతుంది. ఒకరు ఆగమంటే ఇంజిను ఆయన అంకె రాసుకుంటుంది. మళ్లీ అక్కడే మొదలవ్వాలి. ఎందుకు కావడం లేదో, భోజనానికి లేవకుండా చూసినా, మధ్యాహ్నం ఒంటిగంటకూ తెలియలేదు.

పక్కనే మా తమ్ముడు, అంటే దాని నాన్న, కుంచంతో ధాన్యం కొలుస్తున్నాడు. ఫోను మోగింది.

"ఏడు... ఏడు... ఏటి బావా? ఏడు... సాయంత్రం వస్తాను... ఏడు..."

ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న కుంచం గోనెలో ఒంపాడు. అప్పుడు గానీ "ఎనిమిది" అనలేదు.

నేను తెర వైపు తిరిగాను. మా ఇంజిను, ఆగమన్న మరుక్షణమే పక్క అంకెకు వెళ్లిపోతోంది. ఆపినవాడి చేతిలోని ముద్ర వాడి చేతిలోనే ఉండిపోతోంది. ముద్ర పడ్డాకే అంకె మారేలా కోడులో రెండు వరుసలు కిందికి జరిపి, సరిచూసే పరీక్ష ఒకటి రాశాను. అది తప్పు అంది. మూడుసార్లు తప్పు అంది.

మేనకోడలు చూసి పకపకా నవ్వింది. "అత్తా! సున్నా కాడినుంచి లెక్కెట్టండని పిల్లలకి సెప్పి సెప్పి, నువ్వేటి, నాన్నలాగ లాభం కాడ మొదలెట్టినావు?"

నిజమే. తమ్ముడు ప్రతి గోనెకూ ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెడతాడు. ఉదయం నుంచీ అదే వింటూ పరీక్షలో మొదటి గుమాస్తాకు ఒకటి వేశాను. యంత్రానికి మొదటివాడు సున్నా. అది దిద్దాక పరీక్ష ఒప్పు అంది.

"లాభంతో కాకపోతే నష్టంతో మొదలెడతారేటే?" అన్నాడు తమ్ముడు. "అప్పా, ఏదో మాడు వాసనొస్తన్నాది. పాలు!"

నాలుగు ముప్పై అయిదుకు వినతులు కదిలించాం. ఒక్కొక్కటీ నేనే లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిదీ ముద్రతో వెళ్లాయి. మేనకోడలు ధాన్యం చుట్టూ గంతులు వేసింది.

"ఒసే, గింజలు తొక్కకే!" అని అరిచాడు తమ్ముడు.

బాగుచేసింది ఆ ఇంజిను చూసుకునేవాళ్లకూ పంపాం. తీసుకున్నామని గురువారం జవాబు వచ్చింది. తిరస్కారమైన మూడింటిలో ఇద్దరు రైతులు మళ్లీ పెట్టారు. మూడో ఆయన అప్పటికే బయట కొనేశాడు.

పోయినవి: ఒక వినతి, ఒక పూట భోజనం, అరలీటరు పాలు.