మునగచెట్టుకు పరిహారం

హౌరాలోని టికియాపారాలో రైలుపట్టాల వెంట సాగే ఆ వీధిలో సత్యవేణిగారి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చేయి పైకెత్తి చూపిస్తారు. ఇళ్ళ కప్పుల మీదుగా ఆమె మునగకొమ్మలు కనిపించేవి కాబట్టి వారికి అది అలవాటు. నేను మొదటిసారి వెళ్ళేనాటికి కొమ్మలు లేవు, అలవాటు మాత్రం మిగిలింది. చేయెత్తిన ప్రతివారూ నాలుక కరచుకుని, చేయి దించి, నీలంరంగు తలుపు గుర్తు చెప్పారు.

కట్టడాల పనుల్లో ఇల్లో చెట్టో పోగొట్టుకున్నవారు నష్టపరిహారం అనే మాటను ఏ అర్థంలో తీసుకుంటారన్నది నా అధ్యయన విషయం. పట్టాల పక్క పాత ప్రహరీ తీసి కొత్తది కట్టే పనిలో ఆమె చెట్టు పోయిందని విని వెళ్ళాను. పరిహారం అంటే మీరేమనుకుంటారని అడిగాను. ఆమె వంటింటి గూటివైపు చూపించారు. అందులో స్టీలు గిన్నెలు, ఒక ఇత్తడి చెంబు, మూత పోయిన టిఫిను డబ్బా వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కొక్కదాని అంచుమీద ఒక్కొక్క పేరు చెక్కి ఉంది. ఏ ఒక్కటీ ఆమె పేరు కాదు.

"ఇయ్యన్నీ పరాయివి తల్లీ. నాకాడ సిక్కడిపోనాయి. ఉత్తివి ఎలా ఇచ్చీను?" అన్నారు.

ఆ వీధిలో తెలుగువారూ బెంగాలీలూ సమానంగా పాటించే నియమం ఒకటి ఉంది. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. పప్పుచారు వచ్చిన గిన్నెలో నాలుగు అరటికాయ బజ్జీలైనా పెట్టి పంపాలి, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వెయ్యాలి. సత్యవేణిగారికి మాత్రం ఏమీ లేకపోవడమన్నది ఎన్నడూ తటస్థించలేదు. చెయ్యి చాస్తే మునగాకు అందేది, కర్రతో లాగితే కాయలు పడేవి. చెట్టు పోయాక ఆమె చేతికి అందేది లేదు. గిన్నెలు గూట్లోనే ఉండిపోయాయి, ఆమె ఇంట్లోనే ఉండిపోయారు.

ఆ చెట్టు పలాస నుంచి రైలెక్కి వచ్చింది. ఆమె భర్త పిచ్చయ్యగారు షాలిమార్ గూడ్సు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసేవారు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింటి పెరట్లోని మునగకొమ్మ ఒకటి నరికి, చేతికర్రలా పట్టుకుని, భార్యతో సహా హౌరా రైలెక్కారు. కర్ర చూసిన ఒక పెద్దాయన పాపం కుంటివాడనుకుని లేచి చోటిచ్చాడు. చోటు తీసుకున్నాక నిజం చెబితే బాగుండదని పిచ్చయ్యగారు హౌరా దాకా, దిగాక ఆ పెద్దాయన కనుమరుగయ్యేదాకా కుంటుతూనే నడిచారట. ఈ ముక్క చెప్పేటప్పుడు సత్యవేణిగారు లేచి ఆ నడక నడిచి చూపించారు.

ఆయన జ్వరంతో పోయిన తరవాత ఆమెకు కార్‌షెడ్డులో లోకల్ రైలు పెట్టెలు శుభ్రం చేసే ఉద్యోగం ఇచ్చారు. వీధిలో దాన్ని పరిహారం ఉద్యోగం అనేవారు. పరిహారమన్న మాట ఆమె బతుకులోకి రావడం అదే మొదటిసారి. "మంచి ఉజ్జోగమే. నా కడుపు నింపినాది. గాని అది కుంటుకుంటూ నడిసి నన్ను నవ్వించలేదు గదా" అన్నారు. అలా నవ్వించే పని చెట్టుకు వచ్చింది. ఫాల్గుణం వస్తే దానికింద ఏటేటా తగాదాయే.

తగాదా పువ్వు గురించి. బెంగాలీలు వసంతంలో మునగపువ్వు తప్పనిసరిగా తింటారు; అది ఆ రోజుల్లో ఒంటిమీద పోసే అమ్మవారిని దూరం పెడుతుందని వారి నమ్మకం. తెలుగువారికేమో పువ్వు కోయడమంటే కాయ గొంతు నులమడమే. పక్కింటి బెంగాలీ వదిన, అందరూ మాలతీ బౌది అనే ఆవిడ, బుట్ట పట్టుకుని వస్తే, ఎదురింటి దేముడుగారు సాంబారు మీద ప్రాణంతో ఆమెకు అడ్డం నిలిచేవారు. చివరికి సత్యవేణిగారు చెట్టునే పంచారు. తూర్పుకొమ్మల పువ్వు బౌదిది, పడమటికొమ్మల కాయ తెలుగు ఇళ్ళది, ఆకు ఎవరికి కావాలంటే వారిది. ఆ ఒప్పందం ఆమె ఉద్యోగ విరమణ దాటి కూడా నడిచింది.

కిందటి మాఘంలో గోడ పనులు చూసే ఘోషాల్‌బాబు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి కూర్చున్నాడు. పునాది చెట్టు మొదట్లోంచే వెళ్ళాలని, పరిహారం తప్పక ఇస్తారని, ఏం కావాలో ఆలోచించి చెప్పమని అన్నాడు. పైగా మాషీమా, అంటే పిన్నిగారి, మనసు గంగంత పెద్దదని, వీధికంతా అన్నం పెట్టే చెయ్యి ఆమెదని పొగిడాడు.

"మునగసెట్టెక్కిస్తన్నాడే నిన్ను" అన్నారు దేముడుగారు తెలుగులో.

"ఎక్కీడానికి సెట్టు ఉంచుతాడేటి బావా" అన్నారు సత్యవేణిగారు.

ఆ సాయంత్రం ఆమె అరుగుమీద చిన్న సభ జరిగింది. ఆమె చెల్లెలి కొడుకు నవదీప్ ఆమె దగ్గరే ఉంటూ సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. తమ ఆఫీసులో కాంపెన్సేషన్ అంటే జీతమని అతను చెప్పాడు.

"జీతమా? నెలనెలా ఇచ్చీడానికి నీకేటి నష్టం జరిగిందిరా?" అని ఆమె అడిగారు.

నవదీప్ కొంచెం ఆలోచించి, "రోజూ సెక్టార్ ఫైవ్‌కి వెళ్ళి రావడమే పెద్దమ్మా" అన్నాడు. ఆదివారం పని చేయిస్తే బదులుగా మరో రోజు సెలవిస్తారనీ, దాన్ని కూడా ఆ మాటతోనే పిలుస్తారనీ చేర్చాడు. ఆ అర్థం ఆమెకు నచ్చింది. పోయినది రోజు, ఇచ్చేదీ రోజే.

దేముడుగారి దృష్టిలో పరిహారం డబ్బుకు సంబంధించిందే కాదు. శని పట్టినవాడు నల్లనువ్వులు ఇచ్చినట్టు, దోషం చేసినవాడు చేసి తీరవలసిన పని అది. ఘోషాల్‌బాబు చేత గుడి చుట్టూ ప్రదక్షిణలు చేయిస్తే సరిపోతుందని ఆయన సూచన. అతని పొట్ట తలచుకుని అందరూ నవ్వారు.

మర్నాడు ఘోషాల్‌బాబు వస్తే సత్యవేణిగారు ఏ మొత్తమూ చెప్పలేదు. రోజుకు రోజులాగే జాగాకు జాగా అడిగారు. గోడ కట్టాక ఇటువైపు నేలంతా సిమెంటు చేస్తారు కదా, తన గుమ్మం పక్క చాపంత మేర మట్టి మట్టిగానే వదిలెయ్యమన్నారు. అతను ఇంతేనా అని ఆశ్చర్యపడి ఒప్పుకున్నాడు. కాండం చుట్టుకొలతను బట్టి గోడ కట్టించే సంస్థ ఇచ్చేదేదో అదీ ఇప్పిస్తానన్నాడు. నడుం కొలిచి వెలకట్టే పద్ధతి మనుషులకు లేనందుకు ఆమె దేవుడికి దండం పెట్టుకున్నారు.

ఆమె లెక్క సులువైనది. మునగ కొమ్మ నాటితే చాలు, బతుకుతుంది. చెట్టు పోయినా ఒక కొమ్మ దాచుకుని మట్టిలో గుచ్చితే పిచ్చయ్యగారి చెట్టు మళ్ళీ లేస్తుంది. కాని ఆ లెక్కను ఆమె పంచే గుణమే తప్పించింది. చెట్టు పడిన రోజు వీధి వీధంతా చేరింది. పంచే చెయ్యి ఆఖరున తీసుకోవాలన్నది ఆమె పుట్టింటి కట్టడి. ఆమె నిలబడి ఆకు, పిందె, కొమ్మ ఇంటింటికీ తెగ్గొట్టి ఇచ్చారు. ఎవరికి తక్కువైందో అడిగి మరీ ఇచ్చారు. ఆఖరున తన వంతు వచ్చేసరికి మొద్దు, రంపపుపొట్టు మిగిలాయి. మొద్దును పనివాళ్ళు వేళ్ళతో సహా పెకలించి తీసుకుపోయారు.

కొత్త గోడ లేచింది. సిమెంటు నేల పరుచుకుంది. దాని మధ్య చాపంత మట్టి ఖాళీగా మిగిలింది. దారిన పోయేవారు అదేమిటని అడుగుతుంటే ఆమె ఏదో చెప్పి తప్పించుకునేవారు. నవదీప్ నర్సరీ నుంచి మునగమొక్క తెప్పిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ మొక్క పలాస నుంచి కుంటుకుంటూ వచ్చిందా అని అడిగారు.

కొమ్మలు పట్టుకెళ్ళినవారిలో చాలామంది వాటిని పొయ్యిలో పెట్టేశారు. మాలతీ బౌది మాత్రం ఒక నిటారు కొమ్మను తన సొరపాదు పందిరికి గుంజగా పాతింది. చైత్రంలో ఒకనాడు ఆ పక్కగా వెళ్తూ సత్యవేణిగారు ఆ గుంజను చూశారు. కణుపు దగ్గర గోరంత పచ్చన.

"సిగురేసినాదిరా" అని ఇంటికొచ్చి నవదీప్‌తో చెప్పారు. తాను వెళ్ళి అడుగుతానని అతను లేవబోతే గట్టిగా కసిరారు. ఇచ్చిన వస్తువును తిరిగి అడగడం వాళ్ళ ఇంటావంటా లేదు. మాలతీ బౌదికి ఆ మట్టి ఎందుకు ఖాళీగా ఉందో తెలియక కాదు. కాని ఇచ్చినదాన్ని తెచ్చి వెనక్కి ఇస్తే మొహాన కొట్టినట్టవుతుందని ఆమె జంకు. ఈ సంగతి నేను బౌది నోటనే విన్నాను, అటువైపు చెప్పవద్దన్న షరతుమీద. అటువైపువారు కూడా నాకు అదే షరతు పెట్టి ఉన్నారు.

నా పరిశీలనలో ఇద్దరూ రోజుకు రెండు పూటలా ఆ గుంజను చూసుకునేవారు, ఒకరు చూస్తున్నప్పుడు మరొకరు తప్పుకుని.

వైశాఖం రాగానే సంస్థ ఇచ్చిన పరిహారం ముట్టింది. పెద్ద మొత్తం కాదు. దానితో సత్యవేణిగారు మినప్పప్పు, బెల్లం, నెయ్యి తెప్పించారు. వీధంతా పప్పు వేగిన వాసన. ఆ రోజు నేనూ సున్నుండలు చుట్టాను. గూట్లోని గిన్నెలన్నీ కిందికి దిగాయి. ఎవరి గిన్నెలో వారికి సున్నుండలు పెట్టి, ఇన్నాళ్ళకు ఆమె మళ్ళీ ఇంటింటికీ వెళ్ళారు. మాలతీ బౌది వంతు వచ్చినప్పుడు మాత్రం బౌది గిన్నె నింపడంతో ఆగలేదు. అటక మీంచి తన పెద్ద స్టీలు డబ్బా దింపారు. మూతమీద పిచ్చయ్యగారి పేరు చెక్కిన డబ్బా అది. దాన్ని నిండా నింపి, ఆ గిన్నెతో పాటు తీసుకెళ్ళారు.

గుమ్మంలో దేముడుగారు ఆపారు. "అందరికీ ఆళ్ళ గిన్నెల్లోనే పెట్టినావు. బౌదికి మన డబ్బా ఏటే?"

"ఆ గిన్నె సిన్నది బావా."

"గిన్నె సిన్నదా, నీ మతలబు పెద్దదా?"

ఆమె డబ్బా చంకకెత్తుకుని నడిచారు. దేముడుగారు నావైపు తిరిగి, ఇది కాగితం మీద రాసుకోదగ్గ సంగతి అన్నారు. రాసుకోవలసిన అవసరం లేకుండానే నాకు అర్థమైంది. ఆమె కొమ్మను అడగలేదు. బౌది ఇంట్లో తన డబ్బాను ఉంచి వచ్చారు, అంతే.

డబ్బా మాత్రం రాలేదు. ఎన్నాళ్ళు చూసినా రాలేదు. బౌది కూతురు సున్నుండలు బాగున్నాయని చెప్పి వెళ్ళింది, ఖాళీ చేతులతో. సత్యవేణిగారి గూడు ఇప్పుడు నిజంగా ఖాళీ. ఒక మధ్యాహ్నం ఆమె దాన్ని తుడుస్తూ, ఇప్పుడు తాను ఎవరికీ ఇవ్వవలసింది లేదు, తనకు రావలసింది రావడం లేదు, ఇంత అన్యాయం ఎన్నడూ జరగలేదన్నారు. ఆమె నోట అన్యాయమన్న మాట విన్నది అప్పుడే. చెట్టు పోయినప్పుడు కూడా ఆమె అలా అనలేదు.

ఒక సాయంత్రం కాలబైశాఖి గాలివాన వచ్చింది. ఆకాశం నల్లబడి, రేకులు లేచి, వాన అడ్డంగా కొట్టింది. పక్కింట్లో పందిరి కూలిన చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది. సత్యవేణిగారు కిటికీ దగ్గరకు వెళ్ళలేదు. నవదీప్ వెళ్ళబోతే అతన్నీ వెళ్ళనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే నేను, దేముడుగారు, ఆమె అరుగుమీద టీ తాగుతుండగా మాలతీ బౌది వచ్చింది. చంకలో మూతమీద పిచ్చయ్యగారి పేరున్న డబ్బా. రెండో చేత్తో ఇనుప బకెట్టు లాక్కొస్తోంది. బకెట్టులో తడిమట్టి. ఆ మట్టిలో మనిషి ఎత్తు గుంజ, దాని చివర చిలకపచ్చ ఆకులు. నిన్నటి గాలికి పందిరి గుంజలన్నీ పడిపోయాయనీ, వేళ్ళు తన్నిన ఈ ఒక్కటే నిలబడిందనీ ఆమె చెప్పింది. ఆ తరవాత, ఎక్కడో నేర్చుకు వచ్చినదానిలా, బెంగాలీలో ఒక్క ఊపిరిలో అంది.

"దీదీ, మీ డబ్బా ఖాళీగా ఇవ్వకూడదు. ఇదేమో డబ్బాలో పట్టలేదు. అందుకని బకెట్టులో తెచ్చాను."

సత్యవేణిగారు టీ గ్లాసు కింద పెట్టారు. తరవాత గుంజను పైనుంచి కిందికి తడిమి, చాపంత మట్టి దగ్గరకు నడిచి, ఇదిగో ఇక్కడ అన్నట్టు కాలితో చూపించారు. తవ్వడం నవదీప్ వంతయింది. సెక్టార్ ఫైవ్ బస్సు తప్పిపోతుందని అతను గొణిగితే, రేపు బదులు సెలవు అడగమని దేముడుగారు సలహా ఇచ్చారు.

గుంజ నిలబడ్డాక బౌది దాన్ని అటూ ఇటూ చూసింది. ఒక చిగురు తూర్పుకు, రెండు పడమటికి తిరిగి ఉన్నాయి. పాత ఒప్పందం పాతదే కదా అని అడిగింది. ముందు బతకనీ, తరవాత కొట్టుకుందాం అన్నారు దేముడుగారు. అయినా పడమటి చిగుళ్ళు లెక్కపెట్టుకున్నారు.

బౌది ఖాళీ బకెట్టు అందుకోబోయింది. సత్యవేణిగారు దాన్ని తన వెనక్కి జరిపారు.

"ఉత్తి బకెట్టు ఎలాగిచ్చీను? కాయలు కాసినాక నింపి ఇస్తాను. అందాకా నా గూట్లోనే ఉంటాది."

ఇనుప బకెట్టు గూట్లో పట్టదు. అందుకని గూటి కిందనే, నేలమీద బోర్లించారు.