మంజుశ్రీ గీసిన కొండ

మంజుశ్రీకి ఏ సంగతైనా ఒక్క రూపంలో చెబితే తృప్తి ఉండదు. టీ కొట్టు కదిరయ్యకు చక్కెర ఇంత, డికాషన్ ఇంత అని నోటితో చెప్పాక, గాల్లో వేలితో పొట్టిదీ పొడుగుదీ రెండు నిలువు గీతలు కూడా గీస్తుంది. "నోటితో చెప్తే చాలమ్మా, అర్థమైతాది," అని ఆయన రోజూ నవ్వుతాడు. ఆమె పీహెచ్‌డీ కూడా ఈ పిచ్చి మీదే. ఒకే లెక్కను పిల్లలు మాటల్లోంచి పట్టికలోకి, పట్టికలోంచి గ్రాఫులోకి ఎలా మార్చుకుంటారు, ఎక్కడ తడబడతారు అన్నదే ఆమె పరిశోధన. అందుకే నాగలమడిక నుంచి స్కూటీ మీద, మూతికి చున్నీ చుట్టుకుని, గ్రాఫు కాగితాల చుట్టతో తిరుమణి బడికి వస్తుంది.

మొదటి రోజు, ఊరి చుట్టూ పరిచిన సోలార్ ప్యానెళ్ల కరెంటు పొద్దున పెరిగి, మధ్యాహ్నం నిండి, సాయంత్రం తగ్గే గ్రాఫు బోర్డు మీద గీసి, "ఇదేంది?" అని అడిగింది. "పావగడ కొండ, మిస్!" అని తరగతంతా అరిచింది. నెత్తిన పాత కోట ఉన్న ఆ కొండ వాళ్లందరికీ తెలిసిందే. గ్రాఫును బొమ్మగా చూడటం పిల్లలకు మామూలేనని ఆమె చదివిన పుస్తకాలన్నీ చెబుతాయి. కానీ నెల తిరిగినా ఆ కొండ కదల్లేదు. గ్రాఫును గ్రాఫుగా చదివే పిల్ల ఒక్కతైనా దొరక్కపోతే పరిశోధన అక్కడే ఆగిపోతుంది.

మొన్న శుక్రవారం, ప్యానెళ్లు కడిగే తిప్పేశ్ కూతురు ఆశా తనంతట తానే ఒక గ్రాఫు గీసి తెచ్చింది. అదే కొండ, కాకపోతే నడినెత్తిన పెద్ద గుంట.

"కొండ మింద కోట కూలిపోయినట్టు గీసినావేమే?" అని మంజుశ్రీ నవ్వింది.

ఆశా ఆమెకేసి జాలిగా చూసింది.

"కోట యాడుండాది మిస్? ఇది కరెంటు. నిన్న మధ్యాన్నం మబ్బు కమ్ముకునింది గదా!"