ఒక్కపొద్దు సవారీ

నరహరి సైకిల్ తొక్కడం చూసి సూరత్‌లోని మా నవాగామ్ గల్లీలో మొదట అందరూ నవ్వేవారు. వారమంతా మగ్గాల మధ్య నిలబడి వచ్చినవాడు సెలవు దొరికితే కాళ్లు చాపుకొని పడుకోవాలి గానీ, తెల్లారకముందే సైకిల్ తుడుచుకొని ఎటో వెళ్లిపోయేవాడు. ఎందుకని అడిగితే సిగ్గుపడుతూ చెప్పేవాడు: "కార్ఖానల మోతకు పక్కోని మాట గూడ వినబడది. రోడ్డెక్కితే నా ఊపిరి నాకు వినబడ్తది."

మొదట పక్కనున్న సచిన్ అనే ఊరి దాకా, తరువాత ఇంకా దూరంలోని కిమ్ దాకా వెళ్లొచ్చాడు. ఒకనాడు అన్నం తింటూ భార్య జమునతో కోరిక బయటపెట్టాడు. సోమనాథుడి దర్శనానికి సైకిల్ మీద పోవాలి.

"గంత దూరమా? ముందుగాల నర్మదల మునిగి, దీపం పెట్టేయాల్లకు ఇంటికి రా. అప్పుడు సూద్దాం" అన్నది జమున.

"వస్త. రాకపోతే ఇగ సోమనాథ్ మాట ఎత్తనే ఎత్త."

శ్రావణ సోమవారం నాడు ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతని కార్ఖానాకు సెలవిచ్చారు. సోమవారం వాళ్లింట్లో ఒక్కపొద్దు. సాయంత్రం శివుడికి దీపం పెట్టాకే ఇద్దరూ అన్నం తింటారు. పగలంతా మంచినీళ్లే. ఈ ఒక్కరోజుకు విడిచిపెట్టమని జమున చెప్పినా నరహరి వినలేదు. దేవుడి పేరు మీద బయలుదేరుతూ దేవుడికే ఎగ్గొట్టడమా అన్నాడు.

పక్క మగ్గం మీద పనిచేసే కమలాకర్ తన సైకిల్ మీద తోడు వచ్చాడు. రాత్రి వాన కురిసి వెలిసింది. రోడ్డుకు రెండు పక్కలా చెరకు తోటలు తడిసి మెరుస్తున్నాయి. వెనక నుంచి వచ్చిన లారీ నీటి గుంట దగ్గర నెమ్మదించి, వీళ్ల మీద బురద చిమ్మకుండా పక్కకు తప్పుకుంది. డ్రైవర్ చెయ్యూపాడు. నరహరి భజన పాట ఎత్తుకున్నాడు. కిమ్ ఎప్పుడు దాటారో తెలియనే లేదు.

కొంత దూరం పోయాక పాట ఆగింది. కాళ్లలో సత్తువ లేదు. కళ్ల ముందు రోడ్డు అలల్లా కదులుతోంది.

"అన్నా, సైకిల్ అటిటు పోతుందేంది? తాగింది నువ్వా, అదా?" అన్నాడు కమలాకర్. నరహరి నవ్వకపోయేసరికి భయపడి, అతణ్ని దించి రోడ్డు పక్క ఫలహారాల బండి దగ్గర కూర్చోబెట్టాడు. "రైలెక్కి ఇంటికి పోదాం. వదినెకు నేను జెప్త."

నరహరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక్కడి నుంచి వెనక్కి పోతే సోమనాథ్ ఆశ కూడా వెనక్కి పోయినట్టే.

బండి నడిపే ముసలమ్మ చెంబుతో నీళ్లిచ్చి, "ఉపవాస్ ఛే?" అని గుజరాతీలో అడిగింది. నరహరి తల ఊపాడు. ఆమె ప్లేటు తుడిచి, ఆలుగడ్డ ముక్కలూ పల్లీల పొడీ వేసి చేసిన సగ్గుబియ్యం ఖిచిడీ పెట్టింది. గుజరాతీవాళ్లు ఉపవాసానికి తినేది అదే.

నరహరి ముద్ద ఎత్తలేకపోయాడు. సూరత్ వచ్చిన నాటి నుంచి ఈ తిండిని చూసి అతను నవ్వని సోమవారం లేదు. కమలాకర్ అది మరిచిపోలేదు. "కడుపునిండ తిని ఉపాసమంటరు గీళ్లు అన్నవు గదన్నా! ఇప్పుడేమంటవ్?"

"నువ్వు జర ఊకో."

వాళ్ల తెలుగు అర్థం కాకపోయినా ముసలమ్మకు సంగతి అర్థమైంది. "మహాదేవుడి పేరు మీద పోయేవాడు నా బండి దగ్గర పడిపోతే పాపం నాకే కదా బేటా? నేనూ పొద్దున ఇదే తిన్నాను" అని హిందీలో అన్నది.

తన కోసం కాకపోయినా ఆమె కోసం తిన్నట్టు తిన్నాడు. రెండో ప్లేటు మాత్రం తానే అడిగాడు. ఇంట్లో భార్యకూ ఉపవాసమేనని తెలిసి, ముసలమ్మ ఒక పొట్లం కట్టి ఇచ్చింది.

అంకలేశ్వర్ దాటాక నర్మద ఎర్రగా నిండుగా పారుతోంది. కమలాకర్ చెయ్యి గట్టిగా పట్టుకుంటే, రేవు మెట్ల మీదే మూడు మునకలు వేశాడు. సీసా నిండా నీళ్లు పట్టుకున్నాడు. తిరుగు దారంతా ఎదురుగాలి. ఆగిన పాట మళ్లీ మొదలై గల్లీ మొదలు దాకా వినిపించింది.

జమున అగ్గిపెట్టె చేతిలో పట్టుకొని గుమ్మంలోనే ఉంది. నర్మద నీళ్లతో శివుడికి అభిషేకం చేసి, ఇద్దరూ కలిసి దీపం పెట్టారు. ఆ తరువాత నరహరి పొట్లం ముందుకు జరిపి, జరిగిందంతా చెప్పాడు.

"ఒక్కపొద్దుల ఆలుగడ్డ తిన్నవా? గీళ్లను జూసి పళ్లికిలించినోడివి నువ్వే గదా!" అంటూ ఆమె పొట్లం విప్పి రుచి చూసింది. ఇంకో పిడికెడు నోట్లో వేసుకుంది. "మంచిగనే ఉన్నదయ్యా. సోమనాథ్‌కు ఎప్పుడు పోతున్నవ్?"

"నువ్వు పొమ్మంటే వచ్చే శ్రావణమే."

"నేను రైల్ల ముందుగాల పోయి ఆడ ఉంట. నువ్వొచ్చేయాల్లకు గిది వండి పెడ్త. ఆ అమ్మనడిగి ఎట్ల వండుతరో తెలుసుకొనిరా."

మరుసటి సెలవునాడు తెల్లారకముందే నరహరి సైకిల్ తుడుస్తుంటే, ఎటని గల్లీలో ఎవరూ అడగలేదు.